పాత శిక్షణ విమానాల జ్ఞాపకాలను పెద్దల దగ్గర అడిగి రాసిపెట్టే పద్ధతి

సైనిక్‌పురి, అల్వాల్, తిరుమలగిరి, మారేడ్‌పల్లి ప్రాంతాల్లో వైమానిక దళంలో పనిచేసి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలోని పెద్దల్లో కొందరు విమానం నడపడం నేర్చుకున్నారు, కొందరు నేర్పారు, మరికొందరు ఎండలో నిలబడి ఆ విమానాల ఇంజన్లను విప్పి బిగించారు. వారు యుద్ధాల గురించి చెబితే అందరూ వింటారు గానీ, ఇరవై ఏళ్లయినా నిండకముందే ఒంటరిగా విమానాన్ని పైకి లేపిన ఉదయం గురించి అడిగేవారు తక్కువ. ఆ జ్ఞాపకాలు పోకుండా రాసిపెట్టాలనుకునే మనవలకు, మనవరాళ్లకు, ఇరుగుపొరుగువారికి, చరిత్ర విద్యార్థులకు ఉపయోగపడాలని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. విమానం నడిపినవారి జ్ఞాపకం ఎక్కువగా చేతుల్లోనూ కాళ్లలోనూ ఉంటుంది. "ఆ రోజు మీకు ఎలా అనిపించింది?" అని అడిగితే "చాలా ఆనందంగా అనిపించింది" అనే జవాబే వస్తుంది. అదే "కాక్‌పిట్‌లో కూర్చోగానే ముందుగా మీ చెయ్యి దేని మీదికి వెళ్లేది?" అని అడిగితే, ఎనభై దాటిన పెద్దాయన కూడా కుర్చీలో నిటారుగా సర్దుకుని, ఎడమచేత్తో లేని థ్రాటిల్‌ను (ఇంజన్ శక్తిని పెంచే పిడిని) ముందుకు నెడతారు, రెండు పాదాలతో నేల మీద రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే పెడల్) నొక్కుతారు. అక్కడి నుంచి మాటలు వాటంతటవే వస్తాయి. కాబట్టి ఏ విమానం మీద ఏ పని ఏ వరసలో చేసేవారో అడగగలిగేంత పరిజ్ఞానం అడిగేవారికి ముందే ఉండాలి. దానికి కావలసిన సన్నాహమే ఈ పనిలో సగభాగం.

ముందుగా ఊరి చరిత్ర

హైదరాబాదుకు శిక్షణ విమానాలతో ఉన్న అనుబంధం ఇప్పటి వైమానిక దళ అకాడమీ ఉన్న దుండిగల్‌తో మొదలుకాలేదు. 1930లలో, నిజాం పాలనలోనే, హైదరాబాద్ ఏరో క్లబ్ బేగంపేట మైదానంలో నడిచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అదే బేగంపేటలో ఒకటో నంబరు ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ పనిచేసింది. అక్కడ టైగర్ మాత్ విమానాల మీద ఓనమాలు దిద్దుకున్న యువకులు తరువాతి దశ శిక్షణకు అంబాలా వంటి చోట్లకు వెళ్లేవారు. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కు కూడా బేగంపేటే స్థావరం. మన దేశంలో వాణిజ్య విమానాలు నడిపిన తొలి మహిళగా పేరొందిన ప్రేమ్ మాథుర్ ఉద్యోగంలో చేరింది ఆ సంస్థలోనే.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత హకీంపేట జెట్ శిక్షణకు పెట్టింది పేరు అయింది. బీదర్‌లో ప్రాథమిక శిక్షణ సాగింది. దుండిగల్ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేయగా, 1971లో అక్కడ శిక్షణ మొదలైంది. అంతకుముందు అలహాబాద్, జోధ్‌పూర్ వంటి చోట్ల జరిగిన పైలట్ల శిక్షణ అలా మన ఊరి పొలిమేరకు చేరింది. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలిపోయాయి.

ఈ కాలక్రమం చేతిలో ఉంటే మాటల్లో వచ్చే చిక్కులు చాలావరకు విడిపోతాయి. 1943 నాటి బేగంపేట, 1980 నాటి బేగంపేట ఒకటి కావు. యుద్ధకాలంలో టైగర్ మాత్ మీద నేర్చుకున్న తరం దాదాపుగా వెళ్లిపోయింది. ఇప్పుడు మనకు దొరికేది వారి పిల్లల నోట "నాన్నగారు చెప్పేవారు" అంటూ వచ్చే మాట. అదీ విలువైనదే. అయితే స్వయంగా చూసినవారి మాట ఏదో, విన్నవారి మాట ఏదో పుటలోనే విడివిడిగా కనిపించేలా రాయాలి. ఈ రెండూ కలిసిపోతే తరువాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ప్రభుత్వ పత్రాలున్నాయి. వాటిలో ఉర్దూవి ఎక్కువ కాబట్టి, ఆ భాష చదవగలిగినవారిని వెంట తీసుకువెళ్లడం మంచిది. అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలను అడిగి చూడవచ్చు.

ఫొటోలో ఉన్నది ఏ విమానం?

పెద్దల దగ్గరికి వెళ్లినప్పుడు మొదట బయటికి వచ్చేవి ఫొటోలు. వాటిలోని విమానాన్ని గుర్తుపట్టగలిగితే ఎదుటివారికి మన మీద నమ్మకం కుదురుతుంది.

రెండు జతల రెక్కలు, వాటి మధ్య కర్రలు, తీగలు, పైకప్పు లేని రెండు కాక్‌పిట్లు ఒకదాని వెనుక ఒకటి ఉంటే అది చాలావరకు టైగర్ మాత్. 1931లో తొలిసారి ఎగిరిన ఈ విమానానికి తోక కింద చక్రం బదులు స్కిడ్ (నేల మీద రాచుకుంటూ జారే బద్ద) ఉంటుంది. ఒకే జత రెక్కలు, ముందు భాగంలో గుండ్రని పెద్ద ఇంజన్, పొడవాటి గాజు పందిరి ఉంటే హార్వర్డ్. అదీ తోకచక్రం విమానమే గాని, ఇంజన్ శక్తి సుమారు 600 అశ్వశక్తి. టైగర్ మాత్ ఇంజన్‌ది 130. నున్నని సన్నటి ముక్కు, కిందివైపు రెక్కలు, ముడుచుకోని చక్రాలు, ఒకరి వెనుక ఒకరు కూర్చునే ఏర్పాటు ఉంటే హెచ్‌టీ-2 కావచ్చు. బెంగళూరులో వి.ఎం. ఘాట్గే బృందం రూపొందించగా 1951లో ఎగిరిన ఈ విమానం మన దేశంలోనే రూపకల్పన జరిగి వరుస ఉత్పత్తికి వెళ్లిన తొలి విమానం. ఫ్లయింగ్ క్లబ్బుల్లో తిరిగిన చిప్‌మంక్ కూడా దూరం నుంచి ఇలాగే ఉంటుంది కాబట్టి, సంఖ్య చదవకుండా తీర్పు చెప్పరాదు. రెక్కలు పైన ఉన్న చిన్న క్లబ్ విమానమైతే 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్ అయ్యే అవకాశం ఉంది.

జెట్‌లలో వాంపైర్‌ను గుర్తించడం తేలిక, దాని తోకకు రెండు కాడలుంటాయి. కిరణ్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. పోలండ్‌లో తయారైన ఇస్క్రాలో ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. ఇంజన్ గొట్టం తోక దాకా పోకుండా తోకకాడ కిందనే ముగుస్తుంది. ముడుచుకోని మూడు చక్రాలు, పక్కపక్క సీట్లు, ముందు ప్రొపెల్లర్ ఉంటే అది హెచ్‌పీటీ-32 దీపక్.

ఫొటో తేదీ తెలియకపోతే విమానం మీది గుండ్రని గుర్తును చూడాలి. యుద్ధకాలంలో తూర్పు ప్రాంతాల్లో జపాన్ గుర్తుతో పొరపాటు పడకుండా ఎరుపును తీసివేసి, రెండు ఛాయల నీలం మాత్రమే వాడారు. స్వాతంత్ర్యం తరువాత కొద్దికాలం అశోకచక్రం ఉంది. 1950 గణతంత్ర దినం నుంచి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వచ్చాయి. సర్టిఫికెట్ల మీద "రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్" అని ఉంటే అది 1945 మార్చికీ 1950 జనవరికీ మధ్యదని అనుకోవచ్చు.

లాగ్‌బుక్ ముందు కూర్చోవడం

ఈ పనిలో అన్నిటికన్నా విలువైన వస్తువు, పైలట్ తన ప్రతి ప్రయాణాన్నీ నమోదు చేసుకునే లాగ్‌బుక్. దానిని తెరిచి, పెద్దాయన పక్కన కూర్చుని, వరసకు ఒక ప్రశ్న చొప్పున అడుగుతూ పోవడం కన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

పుటలో ఎడమవైపు తేదీ, విమానం రకం, విమానం సంఖ్య, మొదటి పైలట్ పేరు, రెండో పైలట్ లేదా శిష్యుడి పేరు, చేసిన పని అనే గడులు ఉంటాయి. కుడివైపు పగలు, రాత్రి గంటలు, వాటిలో డ్యూయల్ (గురువుతో కలిసి) ఎంత, ఒంటరిగా ఎంత అన్నవి ఉంటాయి. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన అలవాటు ప్రకారం రాత్రి ప్రయాణాలను ఎర్రసిరాతో రాసేవారు. నెలాఖరున గంటల మొత్తం, దాని కింద ఫ్లైట్ కమాండర్ సంతకం ఉంటాయి. శిక్షణ ముగింపులో "యావరేజ్", "అబవ్ యావరేజ్" వంటి అంచనా ఒకటి రాస్తారు. ఆ అంచనా గురించి అడిగేటప్పుడు మృదువుగా అడగాలి. అరవై ఏళ్లయినా ఆ రెండు మాటలు మనసులో ఉండిపోయినవారు ఉంటారు.

మొదటి సోలో (ఒంటరిగా ఎగరడం) ఉన్న వరస దగ్గర తొందరపడవద్దు. ఆ పుట ఇలా ఉంటుంది: దానికి ముందు వరసలన్నిటిలో మొదటి పైలట్ గడిలో ఒకే ఇన్‌స్ట్రక్టర్ పేరు, శిష్యుడి గడిలో "సెల్ఫ్" అని ఉంటాయి, పని గడిలో "సర్క్యూట్స్ అండ్ ల్యాండింగ్స్" (మైదానం చుట్టూ తిరిగి దిగడం) మళ్లీ మళ్లీ వస్తుంది. తరువాత ఒక వరసలో ఇన్‌స్ట్రక్టర్ పేరు మారుతుంది, ఎందుకంటే సోలోకు పంపే ముందు మరొకరు, తరచూ పై అధికారి, పరీక్షించడం ఆనవాయితీ. ఆ కింది వరసలో "సెల్ఫ్" అనే మాట మొదటి పైలట్ గడిలోకి జరుగుతుంది. పక్క గడిలో "సోలో" అని ఉంటుంది. సమయం పది నిమిషాలో పదిహేను నిమిషాలో. ఒక జీవితంలోని పెద్ద మలుపు ఒక గడి నుంచి మరో గడికి జరిగిన ఆ ఒక్క మాటలో నమోదై ఉంది. అక్కడ వేలు పెట్టి, "పరీక్షించినాయన దిగిపోతూ ఏమన్నారు? ఆయన సీటు బెల్టులు ఎవరు కట్టేశారు? ఆయన బరువు లేకపోవడంతో విమానం ముందే పైకి లేచిందా?" అని అడగాలి. ఖాళీ సీటులో వదులుగా ఉన్న బెల్టులు స్టిక్‌కు (విమానాన్ని నడిపే కర్రకు) అడ్డుపడకుండా బిగించి కట్టడం తప్పనిసరి. ఆ ప్రశ్న వినగానే చాలామందికి ఆ నిమిషం మొత్తం కళ్లకు కడుతుంది.

జ్ఞాపకమూ లాగ్‌బుక్కూ విభేదిస్తే రెండింటినీ రాయాలి. లాగ్‌బుక్ తేదీలకు ప్రమాణం, మనిషి మాట జరిగిన తీరుకు ప్రమాణం. పెద్దవారిని తప్పు పట్టే స్వరం మన నోట రాకూడదు.

విమానాన్ని బట్టి ప్రశ్న

టైగర్ మాత్ గురించి చెప్పగలిగినవారు దొరికితే ఇంజన్ మొదలుపెట్టే తతంగం నుంచి అడగాలి. దానికి స్టార్టర్ లేదు, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. చక్రాల ముందు చాక్స్ (చక్రాలు కదలకుండా ఆపే దిమ్మలు) పెట్టిన తరువాత, ముందు నిలబడ్డవాడు "స్విచెస్ ఆఫ్" అని గట్టిగా అంటాడు, కాక్‌పిట్‌లోనివాడు అదే మాట తిరిగి అనాలి. కొన్ని చుట్లు తిప్పి ఇంజన్‌లోకి పెట్రోలు పీల్చనిచ్చాక "కాంటాక్ట్" అనే కేక, దానికి జవాబు, ఆ వెంటనే ప్రొపెల్లర్‌ను ఒక్క ఊపు ఊపి వెనక్కి తప్పుకోవడం. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో స్విచ్‌లు కాక్‌పిట్ లోపల కాకుండా బయటవైపు ఉండేవి. ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసేవాడికి అవి ఏ స్థితిలో ఉన్నాయో కంటికి కనిపించాలి కదా! ఈ తతంగంలో ఇద్దరి ప్రాణాలు ఒకరి మాట మీద ఒకరికి ఉన్న నమ్మకం మీద నిలిచి ఉండేవి కాబట్టి, ఎవరు ఏ మాట అనేవారో పొల్లుపోకుండా రాసుకోవాలి.

తరువాత బ్రేకులు లేని ఆ విమానాన్ని నేల మీద ఎలా తిప్పేవారో, రెక్క చివర పట్టుకుని సాయం వచ్చేదెవరో అడగాలి. గురుశిష్యులు మాట్లాడుకునే గోస్‌పోర్ట్ గొట్టంలో మాట ఎంత వినిపించేదో, వినిపించనప్పుడు గురువు ఏం చేసేవారో అడగాలి. ఒంటరిగా వెళ్లేటప్పుడు వెనుక కాక్‌పిట్‌లోనే కూర్చోవాలి. ఎదురుగా ఖాళీ కాక్‌పిట్ కనిపించడం ఆ విమానానికే ప్రత్యేకమైన అనుభవం. వేగం తగ్గుతున్న కొద్దీ రెక్కల మధ్య తీగల చప్పుడు మారేది. ఆ చప్పుడును నోటితో చేసి చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు, రికార్డులో అదొక్కటే మిగిలే శబ్దం.

హార్వర్డ్ నడిపినవారిని నేల మీద దిగిన తరువాతి క్షణాల గురించి అడగండి. ఆ తోకచక్రం విమానం ఏమరుపాటుగా ఉంటే గిర్రున తిరిగిపోతుందని అందరికీ భయం. కిరణ్ ఇన్‌స్ట్రక్టర్లను పక్కపక్క సీట్ల గురించి అడగండి: శిష్యుడి చేతులు, ముఖం కనిపిస్తూ ఉంటే పాఠం చెప్పే తీరు ఎలా మారిందో వారు బాగా చెప్పగలరు. కిరణ్ 1964లో తొలిసారి ఎగిరింది, దాని మీద నేర్చుకున్న తరాలు అనేకం కాబట్టి మనుషులు దొరకడం కష్టం కాదు. హకీంపేట ఆకాశంలో 1970ల నడుమ నుంచి 2004 దాకా వినిపించిన ఇస్క్రా గురించి, దానిలో వెనుక సీటు నుంచి నేర్పడం గురించి అడిగి, కిరణ్‌తో పోల్చమనండి. రెండూ నడిపినవారి దగ్గర ఈ పోలిక మంచి సమాచారం ఇస్తుంది.

దీపక్ మీద నేర్చుకున్నవారిని పాతవారు కాదని వదిలేయకూడదు. ఆ విమానం 2009లో నిలిచిపోయింది. దాని స్థానంలో స్విట్జర్లాండ్ పిలాటస్ దుండిగల్‌కు వచ్చింది 2013లో. అంటే దీపక్ ఇప్పటికే గతం. 1990లలో దుండిగల్‌లో తర్ఫీదు పొందిన తొలి తరం మహిళా పైలట్లు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే వారిని అడగడం తెలివైన పని అని నా అభిప్రాయం.

ఏ విమానమైనా ఒక ప్రశ్న మాత్రం మన ఊరివారిని తప్పక అడగాలి: పై నుంచి దారి ఎలా గుర్తుపట్టేవారు? హుస్సేన్‌సాగర్, గండిపేట, హిమాయత్‌సాగర్, గోల్కొండ గుట్ట, రైలు పట్టాలు, మంజీర వంపులు, వీటిలో ఎవరికి ఏది కొండగుర్తో తెలుసుకోవాలి. ఇంజన్ ఆగిపోతే దిగడానికి పొలాన్ని ఎంచుకోవడం శిక్షణలో భాగం. బండరాళ్లు నిండిన మన దక్కన్ నేలలో ఆ ఎంపిక అంత సులువు కాదు. ఎండిన చెరువు పడకనా, కోత అయిన వరి మడినా, దేనిని ఎందుకు నమ్మేవారో అడగండి. ఎండ ముదిరితే నేల మీది వేడిగాలికి చిన్న విమానాలు ఎగిరెగిరి పడేవి, అందుకే తెల్లవారుజాము నుంచే పని మొదలయ్యేది. పాత పటం ఒకటి ముందు పరిచి, ఆ చెరువుల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టించుకుంటే, ఈనాడు ఇళ్ల కింద మాయమైన కుంటలు కూడా బయటపడతాయి.

నేల మీద పనిచేసినవారు

పైలట్ల జ్ఞాపకాలతో ఆగిపోతే సగం చరిత్రే వస్తుంది. ఇంజన్ ఫిట్టర్లు, ఎయిర్‌ఫ్రేమ్ పని చేసినవారు, సేఫ్టీ పరికరాల సిబ్బంది, పెట్రోలు బండి నడిపినవారు చెప్పే సంగతులు మరెక్కడా దొరకవు. టైగర్ మాత్ రెక్కలు చెక్క చట్రం మీద గుడ్డ బిగించి, డోప్ (గుడ్డను బిగుతుగా, గట్టిగా చేసే పూత) పూసి చేసినవి. గుడ్డకు పడిన చిరుగును ఎలా కుట్టేవారో, డోప్ వాసన ఎలా ఉండేదో, వర్షాకాలంలో అది ఆరకపోతే ఏం చేసేవారో చెప్పగలిగినవారు ఇప్పుడు చాలా అరుదు. వారిలో చాలామంది తమ దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదని, "మేం ఎగరలేదు కదా బాబూ" అని తప్పించుకుంటారు. అప్పుడు పనిముట్ల పేర్లు అడగాలి. ఏ స్పానర్ ఎక్కడ వాడేవారో, పొద్దున్నే ఫారం 700 మీద సంతకం పెట్టేటప్పుడు ఏం చూసేవారో అడిగితే మాట సాగుతుంది. విమానం ఎగరడానికి తగినట్టుగా ఉందని రాసిచ్చిన ఆ సంతకానికి పైలట్ సంతకంతో సమానమైన చోటు మన రాతలోనూ దక్కాలి.

ప్రమాదాల గురించి

శిక్షణ చరిత్రలో మరణాలున్నాయి. 2009 జూలైలో జరిగిన దీపక్ ప్రమాదంలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయిన తరువాతనే ఆ విమానాలను నిలిపివేశారు. ఈ సంగతులను మనంతట మనం లేవనెత్తకూడదు. వారు చెబితే మధ్యలో ఆపకుండా వినాలి. కారణం ఎవరి మీదనో మోపే మాట వస్తే, అది చెప్పినవారి అభిప్రాయంగానే రాయాలి, చనిపోయినవారి కుటుంబం చదువుతుందన్న ఎరుకతో రాయాలి. రాయవద్దని అంటే రాయకూడదు.

రికార్డు, భద్రత, అనుమతి

ఫోన్‌తో రికార్డు చేస్తే చాలు, కానీ సీలింగ్ ఫ్యాన్ ఆపి, వంటగదికి దూరంగా ఉన్న గదిలో కూర్చోవాలి. కుక్కర్ కూత వచ్చిన చోట మాట వినపడదు. గంటకు మించి కూర్చోబెట్టవద్దు. భార్య లేదా పిల్లలు పక్కనుంటే మరచిపోయిన పేర్లు అందిస్తారు, అయితే మొదటిసారి ఆయనను ఒంటరిగానే చెప్పనివ్వండి. పాత విమానాల వీడియోలు చూపించడం కూడా ఆ తరువాతే. మన వైమానిక దళం బాగుచేయించిన టైగర్ మాత్ ఒకటి 2012 వైమానిక దళ దినోత్సవంలో ఎగిరింది. అలాంటివి ముందే చూపిస్తే, ఆయన చెప్పేది ఆయన విమానమో వీడియోలోదో తెలియకుండా పోతుంది. ఇంగ్లిషులో, హిందీలో, తెలుగులో కలిపి మాట్లాడితే అలాగే రాసుకోండి. శిక్షణ మాటలన్నీ ఆ కలగలుపులోనే పుట్టాయి.

లాగ్‌బుక్‌ను పుట పుటా స్కాన్ చేయించాలి, అసలు పుస్తకాన్ని ఇంటివారికే తిరిగి ఇచ్చేయాలి. ఫొటోలను జిగురు అట్టల ఆల్బమ్ నుంచి బలవంతంగా పీకవద్దు, ఆల్బమ్‌తో సహా స్కాన్ చేయవచ్చు. వెనుకవైపు పెన్నుతో రాయకుండా మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయించాలి, ఎడమ నుంచి కుడికి, వరస తప్పకుండా. వానాకాలంలో తేమ, వెండిపురుగు రెండూ శత్రువులే కాబట్టి పొడి పెట్టెలో సిలికా జెల్ సంచులతో దాచమని ఇంటివారికి చెప్పండి.

దుండిగల్, హకీంపేట, బేగంపేట వైమానిక స్థావరాల దగ్గర అనుమతి లేకుండా ఫొటోలు తీయడం నేరం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. యూనిట్ల బలం, ఇప్పటి ఏర్పాట్లు వంటి విషయాలు మాటల్లో వచ్చినా రాతలోకి రానివ్వకూడదు. యాభై ఏళ్ల నాటి శిక్షణ గురించి చెప్పడానికి వాటి అవసరం ఎలాగూ ఉండదు.

రాసిన తరువాత పెద్ద అక్షరాలతో అచ్చు తీసి మళ్లీ వారి దగ్గరికి వెళ్లాలి. చదివి వినిపించేటప్పుడే అసలైన సవరణలు వస్తాయి: ఫలానా ఎయిర్‌మన్ పేరు, రన్‌వే ఏ దిక్కుకు ఉండేదన్న మాట, మొదటిసారి చెప్పని ఒక స్నేహితుడి సంగతి. ఆ సవరణలను వేరే రంగు సిరాతో పక్కనే రాయించుకుని, ప్రచురించడానికి అనుమతి ఉన్నదీ లేనిదీ అదే పుటలో రాయించి, వారి సంతకం, తేదీ తీసుకుని, ఒక ప్రతిని ఇంట్లోనూ మరో ప్రతిని వేరే ఊరిలో ఉన్న బంధువుల దగ్గరా ఉంచండి.